గొలుసు పట్టే ఓరిన్

ఓరిన్ టిడ్వెల్ మా ఊళ్లో ఫుట్‌బాల్ ఆట చూస్తూ నోరు మెదపని ఒకే ఒక్క మగాడు. హార్లన్ ఫెర్రీలో అది మామూలు విషయం కాదు. ఇక్కడ శనివారం మధ్యాహ్నం పాస్టరు కూడా గొంతు చించుకుంటాడు. ఆదివారం ప్రసంగం బొంగురు గొంతుతోనే సాగుతుంది, ఎవరూ తప్పు పట్టరు.

ఓరిన్‌కు అరిచే హక్కు లేదు. అతను గొలుసు పట్టేవాడు. పది గజాల గొలుసు, రెండు కొసలకీ మనిషెత్తు కర్రలు. మా ఫుట్‌బాల్‌లో బంతిని చంకన పెట్టుకుని పరుగెత్తాలి, బంతి చేతికొచ్చిన జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి. పోయిందా లేదా అని తగువొస్తే ఆ గొలుసు మోసుకుని మైదానం మధ్యకు పరుగెత్తి, సాగదీసి, లోకానికి చూపించాలి. ఆ పని చేసేది ఊళ్లోవాళ్లే అయినా గొలుసుకు ఊరంటూ ఉండదు. కర్ర చేతిలో ఉన్నంతసేపు చప్పట్లు కొట్టకూడదు, జట్టు రంగు టోపీ పెట్టకూడదు, గెలిచినా ఓడినా మొహం రాయిలా ఉండాలి. పైగా నిలబడేది మనవాళ్ల దగ్గర కాదు. మైదానం అవతలి గట్టున, పైఊరి జట్టు పక్కన. వాళ్ల కోచ్ తిట్టే తిట్లు చెవిలో పడేంత దగ్గర. అక్కడ విన్నది ఇంటికి మోసుకురాకూడదని ఓరిన్‌కు వాళ్ల నాన్న నేర్పాడు. ఆయనా ఆ కర్ర పట్టినవాడే.

మిగతా వారమంతా ఓరిన్ నా కేఫ్ వెనక సందులో, రేకుల షెడ్డులో గడ్డి కోసే మిషన్లు బాగుచేసేవాడు. భార్య పోయాక కూతురు షెల్బీని ఒక్కడే పెంచాడు. పిల్ల జడ వేయడం రాక నా దగ్గరికి తీసుకొచ్చేవాడు, గ్రీజు చేతులు వెనక్కి దాచుకుని. షెల్బీ పెద్ద చదువు చదివి మా ఊరి కాలేజీ జట్టులోనే ఉద్యోగం తెచ్చుకుంది. ఆటగాళ్లకు దెబ్బలు తగిలితే చూసే పని. ఆ పనిలో ఒక వాడుక ఉంది. తలకు గట్టి దెబ్బ తగిలిన కుర్రాడి హెల్మెట్ లాక్కుని తమ దగ్గరే పెట్టుకుంటారు. ఎందుకంటే ఆ వయసు పిల్లలు కళ్లు తిరుగుతున్నా బాగానే ఉన్నానని అబద్ధమాడి మళ్లీ దూరిపోతారు. హెల్మెట్ లేకుండా మైదానంలోకి రానివ్వరు. షెల్బీ అయితే దాన్ని చంకలో బిగించుకుని మరీ తిరిగేది. ఆరడుగుల మనుషులు ఆమె వెనక బతిమాలుకుంటూ నడవడం చూస్తే నాకు నవ్వొచ్చేది.

మా జట్టు పేరు కొంగలు. ఆ పేరు పెట్టిన మహానుభావుడెవరో గానీ ఏళ్ల తరబడి మా వాళ్లు ఒంటికాలి మీద నిలబడి చూడటం తప్ప ఇంకేమీ చేయలేదు. నది అవతలి బ్రానన్ కాలేజీ చేతిలో ఓడటం మాకు ఏటా వచ్చే పడిశంలా అలవాటైపోయింది. చివరికి ఉన్న కోచ్‌ను పంపేశారు. కొత్తవాడి కోసం వెతుకులాట మొదలైంది, బక్ స్ట్రేహార్న్ అన్న పేరు బయటికొచ్చింది.

స్ట్రేహార్న్ వెళ్లిన ప్రతిచోటా గెలిచాడు. వెళ్లిన ప్రతిచోటి నుంచీ ఏదో ఒక మరక మోసుకొచ్చాడు. దెబ్బలు తగిలిన పిల్లల్ని ఆడించాడన్నారు. ఒక కుర్రాడి తల్లిదండ్రులు కోర్టుకెళ్లారనీ, ఆ తర్వాత ఇరువైపులా నోరు విప్పకూడదని రాసుకున్నారనీ విన్నాం. అంతా విన్నదే, చూసినవాళ్లు లేరు.

ఆ రోజుల్లో మా కేఫ్‌లో ఎవరూ తిండి సరిగ్గా తినలేదు, వాదించుకోవడానికే వచ్చేవాళ్లు. టైర్ల కొట్టు హోయ్ట్ గొంతు అందరికంటే పెద్దది. ఎదురుగా బ్యాంకు ప్రెస్టన్ గేల్. ఆయన కోచ్‌ను ఎంచే కమిటీలో ఉన్నాడు, మెత్తటి మనిషి.

"మనమేమన్నా అల్లుణ్ణి వెతుక్కుంటున్నామా మిస్టర్ ప్రెస్టన్?" అన్నాడు హోయ్ట్, బిస్కట్ రొట్టెను గ్రేవీలో ముంచుతూ. "కోచ్‌నే కదా. ఆయన గుణగణాలతో మనకేం పని?"

"అల్లుడైతే నయమే హోయ్ట్. ఒక్క పిల్లనే ఇస్తాం. ఈయన చేతికి వందమంది పిల్లల్ని ఇస్తున్నాం."

"ఆ మాటకొస్తే నా అల్లుడు బంగారంలాంటి గుణవంతుడు. కానీ బ్రానన్‌వాడు. ప్రతి థాంక్స్‌గివింగ్ పండక్కీ నా బల్ల దగ్గర కూచుని, నా టర్కీ కోడి తింటూ, నన్నే చూసి పళ్లికిలిస్తాడు. ఆ గుణాన్ని ఏం చేసుకోమంటారు, ఊరగాయ పెట్టుకోనా?"

అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. ప్రెస్టన్ నవ్వలేదు. మూల బల్ల దగ్గర ఒక్కడే కూచున్న ఓరిన్ వైపు తిరిగాడు.

"ఓరిన్, రెండేళ్ల కిందట ఆయన తన జట్టుతో ఇక్కడికొచ్చినప్పుడు ఆటంతా నువ్వు ఆయన పక్కనే నిలబడ్డావు. నేను అడిగిన వాళ్లంతా విన్నవే చెబుతున్నారు. నువ్వు కళ్లారా చూసినవాడివి. ఎలాంటి మనిషో చెప్పు. నువ్వు వద్దంటే నేను వద్దనే అంటాను, నా తర్వాత ఇంకో ఇద్దరు అంటారు."

ఓరిన్ కాఫీ కలుపుతూనే ఉన్నాడు, అందులో అతను చక్కెర వేసుకోడు.

"నేను కర్ర చూసుకుంటాను సర్. మనుషుల్ని చూడను."

"ఏమీ చూడలేదా?"

"గెలవడం తెలిసిన మనిషి," అన్నాడు ఓరిన్.

"అదీ మాట!" అని హోయ్ట్ బల్ల గుద్దాడు. ప్రెస్టన్ టోపీ తీసుకుని వెళ్లిపోయాడు. ఆ వారం కమిటీలో ఆయన కూడా స్ట్రేహార్న్‌కే చెయ్యెత్తాడు.

ఓరిన్ నిజంగా ఏం చూశాడో నాకు చాలా తర్వాత తెలిసింది. ఇక్కడే చెప్పేస్తాను, దాచి లాభం లేదు. ఆ రోజు స్ట్రేహార్న్ జట్టు కుర్రాడొకడు తలకు దెబ్బ తగిలి తూలుకుంటూ వచ్చి, మైదానానికి వీపు పెట్టి బెంచీ మీద కూచున్నాడు. ఆట ఎటువైపు జరుగుతోందో వాడికి తెలియలేదు. దెబ్బలు చూసే బక్కపల్చటి యువకుడు వాడి హెల్మెట్ తీసి వీపు వెనక దాచాడు. స్ట్రేహార్న్ వచ్చి చెయ్యి చాపాడు. యువకుడు తల అడ్డంగా ఊపాడు. "రేపు కూడా నీకీ ఉద్యోగం కావాలా అక్కర్లేదా?" అని స్ట్రేహార్న్ అడిగి, ఆ హెల్మెట్ ఊడలాక్కుని కుర్రాడి తలకు తనే తొడిగాడు. ఓరిన్ చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్నాడు. ఆ యువకుడు ఏడుపు ఆపుకుంటూ చుట్టూ చూస్తే వాడి కళ్లు ఓరిన్ కళ్లకే తగిలాయి. ఓరిన్ కర్ర వైపు చూశాడు.

విన్నది మోసుకురాకూడదన్న వాళ్ల నాన్న మాట, ఎదుటి జట్టు ఎత్తుగడల గురించి. కుర్రాళ్ల తలకాయల గురించి కాదు. ఆ సంగతి ఓరిన్‌కు తెలియక కాదు.

పోనీ కూతురు సంగతైనా ఆలోచించాలా వద్దా? షెల్బీ తనే అడిగింది, కేఫ్‌లో నా ముందే.

"డాడీ, రేపట్నించి నేను ఆయన కింద పనిచెయ్యాలి. నువ్వు దగ్గరుండి చూశావుగా, ఎలాంటోడు?"

"కొంచెం కోపిష్టి, అంతే. నువ్వు గట్టిదానివి, నెట్టుకొస్తావులే."

స్ట్రేహార్న్ విమానం దిగిన రోజు ఊరంతా ఎయిర్‌స్ట్రిప్ దగ్గరే ఉంది. బ్యాండు వచ్చింది, నేను పెకాన్ పప్పుతో చేసిన పై మిఠాయిలు పట్టుకెళ్లాను. ఆయన అందరితో చేతులు కలిపాడు, ముసలమ్మలను మేడమ్ అని పిలిచాడు, ఒక పసివాణ్ణి ఎత్తుకున్నాడు. షెల్బీ ముందు ఆగి, "హెల్మెట్లు దాచే పిల్లవి నువ్వేనట కదూ?" అని నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్లు కూడా నవ్వారు. ఓరిన్ అక్కడే ఉన్నాడు, ఆకాశం కేసి చూస్తూ.

ఆ తర్వాత మేం గెలవడం మొదలుపెట్టాం. ఏం చెప్పను, ఊరి నడకే మారిపోయింది. బోర్డులు తిప్పేసుకున్న కొట్లు తెరుచుకున్నాయి, మాటలు మానుకున్న అన్నదమ్ములు ఒకే ట్రక్కు వెనక కూచుని ఉడకబెట్టిన వేరుశనక్కాయలు తిన్నారు. హోయ్ట్ అల్లుడికి ఫోన్ చేసి మరీ థాంక్స్‌గివింగ్‌కు పిలిచాడు. షెల్బీ మాత్రం చిక్కిపోయింది. ఎలా ఉన్నావే అంటే, "పని ఎక్కువైంది మిస్ వాండా" అనేది. జట్టును వదిలిపోయిన పిల్లలెందరో, వాళ్లేం చెప్పి వెళ్లారో నేను అడగలేదు. మా ఊళ్లో ఎవరూ అడగలేదు.

ఇక బ్రానన్‌తో ఆట. చివరి పావుభాగం, మేం మూడంటే మూడు పాయింట్లు ముందున్నాం, బంతి మా చేతిలో ఉంది. మా డెమార్కస్ పూల్ బంతి పట్టుకుని పరుగెడుతుంటే ఇద్దరు కలిసి కుమ్మారు. లేచాడు గానీ వెళ్లాల్సింది ఒకవైపు, నడిచింది ఇంకోవైపు. షెల్బీ పరుగెత్తుకెళ్లి పట్టుకుంది, గట్టు మీద కూచోబెట్టింది, హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుంది.

స్ట్రేహార్న్ వచ్చాడు. టీవీ కెమెరాలన్నీ బంతి మీద ఉన్నాయి. పక్కనున్న సిబ్బంది ఎవరి కాళ్లు వాళ్లు చూసుకున్నారు. స్టేడియంలో వేలాది జనం ఉండి కూడా ఆ రెండు నిమిషాలు షెల్బీ ఒంటరిది. ఎదురుగట్టు మీద కర్ర పట్టుకున్న వాళ్ల నాన్న తప్ప ఆమెకేసి చూస్తున్నవాళ్లు ఒక్కరూ లేరు. కోచ్ చెయ్యి చాపడం అతను చూశాడు. షెల్బీ వెనక్కి అడుగేయడం చూశాడు. కోచ్ ఆమె మోచేయి విడదీసి హెల్మెట్ లాక్కోవడమూ చూశాడు.

తర్వాతి ప్రయత్నంలో బంతి మళ్లీ డెమార్కస్‌కే ఇచ్చారు. ఎలా పరుగెత్తాడో దేవుడికే తెలియాలి. ఓరిన్ కర్రకు అటూ ఇటూగా పడిపోయాడు. అంపైర్లకు తేలలేదు. గొలుసు తెమ్మన్నారు. పది గజాలు దాటితే ఆట మాది. దాటకపోతే బంతి బ్రానన్‌ది.

ఓరిన్ పరుగెత్తుకెళ్లి గొలుసు సాగదీశాడు. బంతి వేలెడంత ముందుంది.

ఆ క్షణాన తీసిన ఫోటో మర్నాడు పేపరు మొదటి పేజీలో వచ్చింది. డెమార్కస్ మోకాళ్ల మీద ఉన్నాడు. అతని పక్కన ఓరిన్ టిడ్వెల్, జన్మలో మొదటిసారి, పిడికిలి ఆకాశానికెత్తి, నోరు బార్లా తెరిచి, రెండు కాళ్లూ నేల వదిలి గాల్లో ఉన్నాడు. గొలుసు పట్టేవాడే ఎగిరాడంటే ఆ గెలుపు ఎంతటిదో చూడండి అని రాశారు. బ్యాంకులో, మంగలిషాపులో, టైర్ల కొట్టులో ఆ బొమ్మ ఫ్రేము కట్టి తగిలించారు. నేను కౌంటరు పైన తగిలించాను.

డెమార్కస్ ఆ రోజు బట్టలు మార్చుకునే గదిలో కుప్పకూలాడు. ప్రాణం దక్కింది. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగిపోవడం, అన్నం తిన్న సంగతి మరిచిపోవడం మాత్రం మిగిలిపోయాయి. వాళ్లమ్మ వచ్చి తమ ఊరు మొబీల్‌కు తీసుకెళ్లిపోయింది. స్ట్రేహార్న్ బాధగా మొహం పెట్టి, ఆ పిల్లే పరీక్షించి, బాగున్నాడని చెప్పి హెల్మెట్ తెచ్చి ఇచ్చిందని ప్రకటన చేశాడు.

అంతే, పాపం మొత్తం షెల్బీ నెత్తిన పడింది. ఆ మాట నిలిస్తే ఆమె లైసెన్సు పోతుంది, ఇక ఏ ఊళ్లోనూ ఆ పని చేయలేదు. ఆమె నిజం చెప్పింది. సాక్షి ఎవరన్నారు. సిబ్బందిలో ఎవరూ చూడలేదట. మా వాళ్లు కూడా షెల్బీకి ఎదురైతే రోడ్డు దాటి అవతలికి వెళ్లేవాళ్లు. హోయ్ట్ అయితే ఓరిన్ భుజం మీద చెయ్యేసి, "నీ పిల్లకి కాస్త సర్దుకుపొమ్మని చెప్పవయ్యా. ఊరు ఇప్పుడిప్పుడే లేస్తోంది" అన్నాడు, మంచి చెబుతున్నట్టు.

ఒక మధ్యాహ్నం కేఫ్ ఖాళీగా ఉన్నప్పుడు ఓరిన్ వచ్చి కౌంటరు ముందు నిలబడ్డాడు.

"ఆ బొమ్మ తీసెయ్యి వాండా."

"సిగ్గెందుకయ్యా, ఫోటోలో బాగానే పడ్డావు!" అన్నాను.

"తీసెయ్యమన్నానా!"

అతని గొంతు అలా లేవడం నేనెప్పుడూ వినలేదు. తర్వాత స్టూలు మీద కూచుని మొత్తం చెప్పాడు, ఆనాటి బక్కపల్చటి యువకుడి దగ్గర్నుంచీ. విన్నాక నాకు ఒళ్లు మండిపోయింది.

"ప్రెస్టన్ నిన్ను బతిమాలి అడిగాడు గదా! నీ సొంత కూతురు అడిగింది! ఎందుకు చెప్పలేదు?"

"బ్రానన్‌ను ఓడించడం ఒక్కసారైనా చూసి పోవాలనిపించింది."

"అంతేనా?"

"అంతే," అన్నాడు. కళ్లెత్తలేదు. "ఇప్పుడు నేనిది చెబితే షెల్బీ గట్టెక్కుతుందంటాడు దాని లాయరు. ఆ కోచ్‌కిది అలవాటేనని తేలుతుందట. కానీ అది వింటుంది వాండా. అదీ ఆ గదిలోనే ఉంటుంది."

కాలేజీ పెట్టిన విచారణ రోజు షెల్బీని నా కారులోనే తీసుకెళ్లాను. కాలేజీ పాలక భవనంలో పొడుగాటి బల్ల, నీళ్ల జగ్గులు, మెడకు టైలు కట్టిన మనుషులు. నేను గోడవార కూచున్నాను. ఓరిన్ ఆదివారం కోటు వేసుకుని వచ్చాడు. కూతురు అతన్ని చూసి ఆశ్చర్యపోయి, తర్వాత నవ్వింది. తండ్రి తన కోసం వచ్చాడనుకుంది. ఆ నవ్వు చూడలేక నేను తల దించుకున్నాను.

ఓరిన్ అంతా చెప్పాడు. ఎదురుగట్టు నుంచి చూసింది చెప్పాడు, అంతకు ముందెప్పుడో పక్కనుండి చూసింది కూడా చెప్పాడు. కాలేజీ లాయరు మర్యాదగా విని, మర్యాదగానే మొదలుపెట్టాడు.

"ఆ పాత సంగతి, కోచ్‌ను ఇక్కడికి తీసుకోకముందే మీరు చూశారన్నమాట. అప్పుడెవరూ మిమ్మల్ని అడగలేదా మిస్టర్ టిడ్వెల్?"

"అడిగారు సర్."

"ఎవరు?"

"మిస్టర్ గేల్ అడిగారు. నా కూతురూ అడిగింది."

"ఏం చెప్పారు?"

"గెలవడం తెలిసిన మనిషని ఆయనతో అన్నాను. కొంచెం కోపిష్టి అంతేనని అమ్మాయితో అన్నాను."

షెల్బీ మొహంలో నవ్వు ఎప్పుడు పోయిందో నేను చూడలేదు. చూసేసరికి లేదు. లాయరు ఒక ఫోటో తీసి బల్ల మీద ఓరిన్ ముందుకు జరిపాడు.

"ఇది మీరేనా?"

"నేనే సర్."

"పక్కన మోకాళ్ల మీద ఉన్న అబ్బాయి డెమార్కస్ పూల్. అతని పరిస్థితి బాగాలేదని ఈ ఫోటో తీసేనాటికే మీకు తెలుసంటున్నారు."

"తెలుసు సర్. నేను గొలుసు లాగుతుంటే నా ప్యాంటు పట్టుకుని అడిగాడు, సర్ మనం ఏ ఊళ్లో ఉన్నాం అని."

ఆ సంగతి నాకూ చెప్పలేదు. గదిలో ఎవరో కుర్చీ జరిపారు.

"అలా అడిగాక మీరు ఇలా ఎగిరారా? నన్ను నమ్మమనకండి మిస్టర్ టిడ్వెల్. ఆందోళనలో ఉన్న మనిషి మొహం ఇలా ఉండదు. అబద్ధం ఈ ఫోటో అయినా కావాలి, కూతురి కోసం మీరివాళ చెబుతున్న మాటలైనా కావాలి. ఏది నిజం?"

ఓరిన్ ఆ ఫోటోను లాయరు వైపే వెనక్కి జరిపాడు.

"రెండూ నేనే సర్," అన్నాడు.

లాయరు కాగితాలు సర్దుకున్నాడు. ఇక అడగడానికేమీ లేదన్నాడు.

చివరికి ఎవరి మాట నిజమో తేల్చలేకపోయామని రాసి పంపారు. షెల్బీ లైసెన్సు పోలేదు, పేరు పోయింది. తేల్చలేకపోయిన మనిషిని ఏ కాలేజీ తీసుకోదు. ఇప్పుడు పక్క కౌంటీలో ఒక హైస్కూలు పిల్లల మోకాళ్లకు కట్లు కడుతోంది. స్ట్రేహార్న్‌కు ఒప్పందం పొడిగించారు, ఆయన పేరున ఒక వీధి కూడా వచ్చింది. ఓరిన్ మళ్లీ మైదానంలోకి అడుగు పెట్టలేదు.

కానీ ఆ మధ్యాహ్నం విచారణ అయ్యాక బయట కార్ల దగ్గర నిలబడ్డప్పుడు ఇవేవీ మాకు తెలియవు. షెల్బీ కారు తలుపు పట్టుకుని వెనక్కి తిరిగింది. ఓరిన్ కాస్త దూరంలో ఆగాడు, దగ్గరికి రావచ్చో లేదో తెలియనట్టు.

"వాడు నా చేతిలోంచి లాక్కున్నప్పుడు నేను నీకేసి చూశాను డాడీ," అంది షెల్బీ. "నువ్వూ చూస్తున్నావు. అంత దూరం నుంచీ తెలిసింది నాకు. సరే, మా డాడీ చూశాడు, ఒక్కడైనా చూశాడు అనుకున్నాను. ధైర్యం వచ్చింది."

ఓరిన్ తల ఊపాడు.

"ఆ తర్వాత గొలుసు లాగారు. నేను ఇంకా నిన్నే చూస్తున్నా. స్టేడియం మొత్తం లేచి అరుస్తోంది. నువ్వొక్కడివీ అరవవు కదా, ఎన్నడూ అరవవు కదా. అందుకే నీకేసే చూస్తున్నా. నువ్వు ఎగిరావు."

"అవును."

"ఎందుకు డాడీ?"

షెల్బీ కదల్లేదు, జవాబు వినకుండా వెళ్లేలా లేదు. చివరికి నేలకేసి చూస్తూ, నాకూ సరిగ్గా వినపడనంత మెల్లగా అన్నాడు.

"గెలిచాం కదమ్మా."